పై అర మర్యాద

మా వదిన చెయ్యి మంచిది కాదని నాకు మొదట చెప్పింది మా వదినే.

ఆ రోజు నేను బేకరీ నుంచి ఇంటికి వచ్చేసరికి బాల్కనీలో మిరప నారు ముందు పెట్టుకుని కూర్చుంది. కుండీలో మట్టి నింపి ఉంది, నీళ్ళు పక్కనే ఉన్నాయి. నారు మాత్రం కట్ట విప్పలేదు.

"నువ్వు నాటవే. నేను పెడితే బతకవు" అంది.

పదకొండేళ్ళుగా మొక్కల పని చేసి జీతం తెచ్చుకుంటున్న మనిషి నోటి నుంచి ఆ మాట విని నాకు ఒళ్ళు మండిపోయింది. "ఎవరన్నారు ఆ మాట?" అని అడిగాను.

"ఒకరు అనాలా? రెండేళ్ళ నుంచి చూస్తున్నాగా" అంది. నారు నేనే నాటాను. ఆవిడ మీద కోపమంతా ఆ మట్టి మీద చూపించాను.

మా ఇంట్లో ముగ్గురం. అన్న దూరప్రాంతాల బస్సు డ్రైవరు, నెలలో సగం రోజులు రోడ్డు మీదే. నాకు పెళ్ళి అచ్చిరాక ఆరేళ్ళ క్రితం వచ్చి ఇక్కడే ఉండిపోయాను. ఆడపడుచు అర్ధమొగుడంటారు కదా, అన్న ఇంట్లో ఉండేదే తక్కువ కాబట్టి నేను ముప్పావు మొగుణ్ణని వదిన ఎగతాళి చేస్తుంది. ఆవిడ మొక్కల పరిశోధన సంస్థలో టెక్నీషియన్. నేను పనిచేసే బేకరీ నుంచే ఆ సంస్థ క్యాంటీనుకు రొట్టెలు వెళతాయి, వాటిని రోజూ పొద్దున్నే ఇచ్చి వచ్చేది నేనే. అందుకే అక్కడి గేటు మనిషి దగ్గర్నుంచి అందరూ నాకు తెలుసు, అక్కడి సంగతులన్నీ నా చెవిన పడతాయి.

వదిన చేసే పని ఏమిటో మొదట్లో నాకు బుర్రకెక్కలేదు. ఒక రోజు కూరగాయలు తరుగుతూ చెప్పింది. మట్టిలో ఒక రకం బ్యాక్టీరియా ఉంటుందట. మొక్కకు నేల దగ్గర గాయమైతే, అక్కడ కారే రసాన్ని పసిగట్టి చేరుతుంది. చేరి ఊరుకోదు. సన్నని గొట్టం లాంటిది కట్టుకుని, తన డీఎన్‌ఏలో ఒక ముక్కకు నకలు తీసి దాన్ని మొక్క కణంలోకి పంపిస్తుంది. ఆ ముక్క లోపలికి వెళ్ళి మొక్క సొంత డీఎన్‌ఏలో అతుక్కుపోతుంది. ఇక ఆ కణానికి ఏది తన రాతో, ఏది పరాయి రాతో తెలియదు. బ్యాక్టీరియా రాసి పంపినట్టే కణితిగా ఉబ్బుతుంది, బ్యాక్టీరియాకు కావలసిన తిండి తయారుచేసి పెడుతుంది.

"పిలవని చుట్టం వచ్చి వంటింటి గోడకు తనకిష్టమైన వంటల చీటీ అతికించి పోయిందనుకో. ఇంటావిడ అది తన చీటీయే అనుకుని రోజూ అవే వండుతుంది. అర్థమైందా?" అంది.

"అయింది."

"ఎందుకవదు? నువ్వొచ్చాక మా ఇంట్లో జరిగింది అదేగా."

సైంటిస్టులు ఈ దొంగ విద్యను తమకు పనికొచ్చేలా మలుచుకున్నారు. కణితి తెప్పించే రాత తీసేసి, ఆ చోట తమకు కావలసిన రాత పెట్టి పంపుతారు. వదిన వాళ్ళు చేస్తున్నది తెగులుకు తట్టుకునే టమోటా. కొత్తగా మొలిచిన టమోటా మొలకల మొదటి ఆకులను గోరంత ముక్కలుగా కోసి, బ్యాక్టీరియా కలిపిన నీళ్ళలో అరగంట నానబెట్టి, కాగితం మీద తడి అద్ది, మూత డబ్బాల్లో పేర్చి, రెండు రోజులు చీకట్లో ఉంచాలి. బ్యాక్టీరియా తన పని చేయాల్సింది ఆ రెండు రోజుల్లోనే. తరవాత దాన్ని ఒక మందుతో చంపేసి, ఆకు ముక్కలను ఇంకో మందులో పెడతారు. కొత్త ముక్క అతుక్కున్న కణాలే ఆ మందులో బతుకుతాయి. మిగతావి తెల్లబడి చచ్చిపోతాయి. బతికినవి ఆరేడు వారాలకు పచ్చటి చిగుళ్ళు వేస్తాయి. వంద ముక్కలకు పది చిగుళ్ళొస్తే ఆ వారమంతా వదిన కూనిరాగాలు తీసేది.

రెండేళ్ళుగా ఆ రాగం లేదు. పన్నెండు విడతలు చేసింది. డబ్బాలు తెరిస్తే తెల్లటి ముక్కలు. ఒక్క విడతలో మాత్రం ఆశపెట్టడానికన్నట్టు మూడు చిగుళ్ళొచ్చాయి, ఆ తరవాత మళ్ళీ మామూలే.

అదే గదిలో, అదే విత్తనంతో, అదే బ్యాక్టీరియాతో ఇంకొకాయన చేస్తే చిగుళ్ళొచ్చేవి. ఆయన వదినకన్నా పన్నెండేళ్ళు సీనియర్. సంస్థలో అందరూ ఆయన్ను బంగారు చెయ్యి అంటారు. నెమ్మదైన మనిషి, ఎవరితోనూ గొడవ పడడు, వదినను నోరారా "చెల్లెమ్మా" అని పిలుస్తాడు. డాక్టర్లకు హస్తవాసి ఉంటుందని మనం అనుకున్నట్టే, ఆకు ముక్కలకు ఆయన హస్తవాసి పడితే చాలునని అక్కడ చదువుకున్నవాళ్ళంతా నమ్మేవారు. కొత్తగా చేరినవాళ్ళు తమ డబ్బాలను ఆయనతో ఒకసారి ముట్టించుకుని మరీ తీసుకెళ్ళేవారు. ఇన్నేసి డిగ్రీలు చదివి ఇదేం పిచ్చి అని నేను క్యాంటీనులో పైకే అన్నాను. రొట్టెలు ఇచ్చేదానికి ఇవన్నీ ఎందుకన్నట్టు చూశారు.

వదిన మాత్రం తప్పు తనలోనే వెతుక్కుంది. బ్లేడు పదును తగ్గిందేమోనని ఇరవై ముక్కలకొకసారి మార్చింది. సబ్బు పడటం లేదేమోనని సబ్బు మానేసింది. గాజులు తీసేసింది, తలకు నూనె మానేసింది. ఆవిడ ఆకు కోస్తుంటే అద్దంలోంచి చూశాను నేను. చెయ్యి వణకదు, ఒక ముక్క మీద ఇంకో ముక్క పడదు. అంత చక్కటి చెయ్యి ఇంట్లో మిరప నారు ముట్టుకోవడానికి భయపడేదాకా వచ్చింది. ఆ పెద్దమనుషుల్లో ఒక్కరైనా "ఇందులో నీ తప్పేముందమ్మా" అనలేదు.

ఒక సాయంత్రం మొహం వేలాడేసుకుని వచ్చింది. ఆ విభాగానికి అధికారిని పెద్దసారంటారు. ఆయన పిలిచి చెప్పాడట, ఈ విడతలో కూడా చిగుళ్ళు రాకపోతే ఆవిడను సీసాలు కడిగే గదికి మారుస్తానని.

"జీతం తగ్గిస్తారా?" అన్నాను.

"జీతం తగ్గదు. బల్ల పోతుంది" అంది. ఆ బల్ల ముందు కూర్చుని ఆకు కోయడమే ఆవిడకు ఉద్యోగమంటే. సీసాలు కడగటం చిన్నతనమని కాదు. చేతకానిదాన్నని కాగితం మీద రాసిచ్చినట్టవుతుందని ఆవిడ బాధ.

ఆ వారంలోనే ఒక సెలవు రోజు వచ్చింది. మొలకలకు సెలవులు తెలియవు కదా, సరిగ్గా ఆ రోజుకు కోతకొచ్చాయి. ఒక్కతే వెళ్ళలేక వదిన నన్ను తోడు తీసుకెళ్ళింది. తెల్లకోటు తొడిగి, నెత్తికి టోపీ పెట్టి, చెప్పులు మార్పించింది. ముక్కలు కోసి, నానబెట్టి, డబ్బాల్లో పేర్చి, మూతలకు టేపు చుట్టేసరికి మధ్యాహ్నమైంది. డబ్బాలు మోసుకుని ర్యాకుల గదికి వెళ్ళాం.

ఆ గదిలో అరల విషయంలో ఒక మర్యాద ఉంది. కింది అరలకు కాళ్ళు తగులుతాయి, తుడిచే తడి తగులుతుంది. పై అర జోలికి ఎవరూ రారు. దానికి లైట్లు కూడా లేవు కాబట్టి చీకట్లో ఉంచాల్సిన డబ్బాలకు అదే సరైన చోటని అందరి లెక్క. అందుకే పై అర ఎప్పుడూ పెద్దవాళ్ళకే. రెండేళ్ళ క్రితం కొత్త ర్యాకులొచ్చినప్పుడు బంగారు చెయ్యికే ఇచ్చారు. మూడు నెలలకే ఆయన మోకాళ్ళ నొప్పులన్నాడు, స్టూలెక్కలేనని చెప్పి అందరి ముందూ ఆ అరను వదినకు అప్పగించాడు. "నా తరవాత నువ్వే చెల్లెమ్మా" అన్నాడట. వదిన ఆ రోజు ఇంటికొచ్చి నాకూ అన్నకూ పాయసం చేసిపెట్టింది. ఆయన డబ్బాల మీద వెలుగు పడకుండా నల్లగుడ్డ కప్పి కింది అరతో సరిపెట్టుకున్నాడు.

నేను వదినకన్నా జానెడు పొడుగు. స్టూలెందుకని డబ్బాలు నేనే అందుకుని పైన సర్దాను. ఆఖరి డబ్బా పెట్టి చెయ్యి తీయబోతూ ఆగాను. అర రేకు వెచ్చగా ఉంది. మా బేకరీలో పొయ్యి పైన ఒక బల్ల ఉంది, పిండి పొంగడానికి దాని మీద పెడతాం. అచ్చం అదే వెచ్చదనం.

"వదినా, ఇక్కడ పిండి ముద్ద పెడితే అరగంటలో పొంగుతుంది" అన్నాను.

నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. స్టూలు లాక్కుని ఎక్కి, గ్లోవ్సు విప్పి, రేకు మీద అరచెయ్యి ఆనించింది. రెండేళ్ళలో ఎప్పుడూ గ్లోవ్సుతో, ట్రేతో పెట్టి దిగిపోవడమే తప్ప ఆ రేకును వట్టి చేత్తో ముట్టుకోలేదట. కింద తొంగి చూసింది. పై అర అడుగునే రెండో అర లైట్లు, వాటి చోకులు బిగించి ఉన్నాయి, వాటి వేడంతా పై రేకుకే. తలుపు పక్కన గోడకున్న థర్మామీటరు ఇరవై నాలుగు చూపిస్తోంది. దాన్ని తీసుకొచ్చి పై అరలో పెట్టింది. పావుగంటకు ముప్పై ఒకటి. కింది అరలో పెడితే ఇరవై రెండు.

తన నోటు పుస్తకం తీసి పేజీలు తిప్పింది. మూడు చిగుళ్ళొచ్చిన విడత దగ్గర ఆగింది. ఆ నెలలో రెండో అర లైట్లు మాడిపోయి, కొత్తవి వచ్చేదాకా చీకటిగా ఉందని పక్కనే తన రాతలో ఉంది.

వదిన స్టూలు మీదే కూర్చుండిపోయింది. దారి దొరికిందని సంతోషపడుతుందనుకుంటే, ఏడుపూ కోపమూ కలిసిన మొహంతో "పన్నెండు విడతలు పోయాయే" అంది.

మర్నాడు గ్రంథాలయంలో కూర్చుని, పెన్సిలుతో ఒక్కో మాటా గీసుకుంటూ చదివింది. ఆ బ్యాక్టీరియా ఇరవై ఎనిమిది డిగ్రీల్లో బ్రహ్మాండంగా పెరుగుతుంది, ఇంకాస్త వేడెక్కినా పెరుగుతూనే ఉంటుంది. కానీ ఆ వేడిలో గొట్టం సరిగా కట్టుకోలేదు. గొట్టం లేనిదే ముక్క మొక్కలోకి పోదు. పై అరలో డబ్బాలు తీసినప్పుడల్లా ముక్కల చుట్టూ బ్యాక్టీరియా పాల మీగడలా పేరుకుని ఉండేది. అంత బాగా పెరిగింది కాబట్టి దాని తప్పేం లేదు, తప్పు తన చేతిదేనని వదిన అనుకుంటూ వచ్చింది. తిండికి తిమ్మరాజు పనికి పోతరాజు అంటే ఇదే.

ఇదంతా పట్టుకుని పెద్దసారు దగ్గరికి వెళ్ళింది. ఆయన నవ్వాడట. "ఆడలేక మద్దెల ఓడన్నట్టుందమ్మా. బ్యాక్టీరియాను మనం పెంచేదే ఇరవై ఎనిమిదిలో. వెచ్చగా ఉంటే దానికి ఇంకా హాయి" అన్నాడు.

"హాయిగానే ఉంది సార్. పనే చేయటం లేదు" అంది వదిన, పెన్సిలు గీతలు చూపిస్తూ.

చివరికి ఒప్పుకున్నాడు. అప్పటికి పైన పెట్టిన డబ్బాలు పక్కనపెట్టి, కొత్తగా నలభై డబ్బాలు చేయమన్నాడు. కోతా, నానబెట్టడమూ అన్నీ వదినవే. ఇరవై పై అరలో, ఇరవై కింది అరలో. అయితే అక్కడింకో నియమం ఉంది. ఎవరి అరలో డబ్బా వాళ్ళే పెట్టాలి, పెట్టినవాళ్ళే మూత మీద తమ పొడి అక్షరాలు రాయాలి. ఏదైనా పాడైతే ఎవర్ని అడగాలో తెలియడానికట. కింది అర బంగారు చెయ్యిది. కాబట్టి ఆ ఇరవై డబ్బాలనూ ఆయనే అందుకుని పెట్టాడు, ఆయన అక్షరాలే రాశాడు.

రెండు రోజులయ్యాక ముక్కలను మందు డబ్బాల్లోకి మార్చింది వదినే. రెండు వారాలకొకసారి మళ్ళీ కొత్త డబ్బాల్లోకి మార్చిందీ వదినే. మార్చినప్పుడల్లా పాత మూత మీద ఉన్న అక్షరాలే కొత్త మూత మీద రాయాలి. అంటే ప్రతిసారీ ఇరవై డబ్బాల మీద తన చేత్తో ఆయన అక్షరాలు రాసింది. ఇది విన్నప్పుడు నేను పళ్ళు నూరాను. "నియమం కదే" అంది ఆవిడ. నియమాలు పాటించేవాళ్ళకే ఎప్పుడూ చెంపదెబ్బలు.

ఏడో వారానికి పై అర డబ్బాల్లో ఒక్క చిగురూ లేదు. కింది అర డబ్బాల్లో పదిహేడు. వేళ్ళు వేయడానికి వాటిని అదే మందులో నాటితే, ఇంకో రెండు వారాలకు పద్నాలుగింటికి వేళ్ళొచ్చాయి. కొత్త రాత ఆ మొక్కల్లో నిజంగానే అతుక్కుంది. వదిన ఆ రాత్రి అన్నం రెండోసారి వడ్డించుకుంది. చాలా రోజులకు అలా చూశాను.

తరవాత రోజు జరిగినదాన్ని వదిన నాకు మూడుసార్లు చెప్పింది. మూడుసార్లూ ఒక్క మాట మారలేదు.

పెద్దసారు ర్యాకుల గదికి వచ్చి, పట్టిక చూశాడు. పట్టికలో ఉండేవి పొడి అక్షరాలే. వదిన అక్షరాల పక్కన సున్నా, బంగారు చెయ్యి అక్షరాల పక్కన పదిహేడు. "చెయ్యంటే ఇదీ!" అని ఆయన భుజం తట్టాడు. వదినకు సీసాల గదికి మార్పు ఉత్తర్వు అందించాడు.

"సార్, ఇది అరల పరీక్ష. ముక్కలన్నీ నేనే కోశాను" అంది వదిన.

"నాకు గుర్తుందమ్మా. కానీ కింది డబ్బాలకు అరా మారింది, పెట్టిన చెయ్యీ మారింది. రెండిట్లో దేని వల్ల వచ్చాయో ఎలా చెప్పమంటావు?"

ఈ మాట విన్నప్పుడు నాకు ఆయన్ను రెండు పీకాలనిపించింది. మాట మాత్రం న్యాయమైనదేనని వదిన అంది. న్యాయమైనదే, కానీ ఆ నియమం పెట్టించింది ఎవరు?

బంగారు చెయ్యి ఆ మెచ్చుకోలుకు తల వంచుకున్నాడట. వదిన ఉత్తర్వు మడిచి కోటు జేబులో పెట్టుకుని, "అయితే ఒక పని చేద్దాం సార్. అన్నగారి చెయ్యి అంత మంచిది కదా. ఆయన ఇవాళ కోసిన డబ్బాలు అవిగో, ట్రేలో ఉన్నాయి. వాటిని పై అరలో పెట్టమనండి. చెయ్యిదే మహిమైతే ఏ అరైతేనేం?" అంది.

"పెట్టండి, దానికేం" అన్నాడు పెద్దసారు.

బంగారు చెయ్యి కదల్లేదు. "మోకాళ్ళు..." అన్నాడు.

"స్టూలు నేను పట్టుకుంటాను" అంది వదిన, పట్టుకుంది కూడా.

ఆయన ట్రే అందుకున్నాడు. స్టూలు దగ్గరికి వచ్చాడు. పై అర వైపు చూశాడు. ట్రేను మళ్ళీ బల్ల మీద పెట్టేశాడు.

"పైన పెట్టను సార్. అక్కడ ఏదీ రాదు."

"మీకెలా తెలుసు?" అన్నాడు పెద్దసారు.

"ర్యాకులొచ్చిన కొత్తలో ఆ అర నాదే కదా. మూడు విడతలు పెట్టాను. ఒక్కటీ రాలేదు. బూజు పట్టాయని రాసి పారేశాను" అన్నాడు. "ఎందుకో నాకూ తెలీదు. ఆ అర అచ్చిరాలేదనుకున్నాను, అంతే."

వదిన స్టూలు వదల్లేదు.

"అచ్చిరాలేదని తెలిసీ నాకిచ్చారా అన్నగారూ? అందరి ముందూ మర్యాద చేసి మరీ ఇచ్చారే!"

"అప్పుడు కింది అర ఒక్కటే ఖాళీగా ఉంది చెల్లెమ్మా. పైన ఏదీ రాక కిందికి దిగానంటే పెద్దతనానికి పేరు పోతుందని..." ఆయన మాట పూర్తి చేయలేదు.

"మీ పేరు నిలబడింది. రెండేళ్ళు నా చేతుల్ని నేనే తిట్టుకున్నాను. ఇంట్లో నారు మొక్క నాటాలన్నా భయపడ్డాను. మీరు రోజూ నా పక్కనే కూర్చుని టీ తాగారు. ఒక్క మాట, 'కిందకి దిగిపో' అని ఒక్క మాట చెప్పలేకపోయారా?"

ఆయన కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడని వదిన చెప్పింది. పెట్టుకోనీ. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభం? అందులోనూ కాలింది ఆయన చేతులు కావు.

పెద్దసారు గొంతు సవరించుకుని, "ఉత్తర్వు ఆపుతానమ్మా, ఇలా ఇచ్చెయ్. నీ బల్ల నీదే" అన్నాడు.

వదిన కాగితం ఇచ్చేసింది. థాంక్స్ చెప్పలేదు. స్పిరిటు సీసా, దూది తీసుకుని, కింది అర ఇరవై డబ్బాల ముందు నిలబడింది. మొదటి మూత మీద ఆయన అక్షరాలను రుద్ది చెరిపేసి, తన అక్షరాలు రాసింది. రెండోది చెరిపింది, రాసింది. అది నియమం కాదని పెద్దసారు అనలేదు. ఇద్దరూ అలాగే నిలబడి చూస్తున్నారు. పద్నాలుగో డబ్బా అయ్యాక వదిన తలెత్తింది.

"కాస్త పక్కకు జరగండి అన్నగారూ. మీ వెనక ఇంకా ఆరు డబ్బాలున్నాయి" అంది.